కాఫీ గ్లాసు చప్పుడు

ఆ సోమవారం పొద్దున ఆవులప్ప బెంగళూరు మహదేవపురలోని మా గదిలో కూర్చునే, సైన్యం లారీతో సహా మంచుకొండ మీంచి లోయలో పడ్డాడు. తెర నల్లబడింది. క్యాబిన్ ఒక్క కుదుపు కుదిపి ఆగింది. అతను తలుపు తీసుకుని దిగి, చొక్కా సర్దుకుని, నా ముఖం చూడకుండా అడిగాడు.

“కాఫీ ఉండాదా సార్?”

“ఇప్పుడే తెచ్చారు. వేడిగా ఉంది.”

ఆ పూటకు అతనికి జరిగిన మంచి అదొక్కటే.

మాది చిన్న కంపెనీ. సైన్యంలో లారీలు నడిపేవాళ్ళకు కొండదారుల మీద శిక్షణ ఇచ్చే సిమ్యులేటర్ తయారుచేస్తున్నాం. నిజం లారీ ముందు భాగాన్ని కోసి తెచ్చి ఇనుప కాళ్ళ మీద నిలబెట్టారు. స్టీరింగు, గేర్లు, బ్రేకు అన్నీ నిజమైనవే. అద్దానికి అవతల మాత్రం దారికి బదులు పెద్ద తెర ఉంటుంది. బండి మలుపు తిరిగితే క్యాబిన్ ఒరుగుతుంది, గుంటలో పడితే ఎగురుతుంది. అదంతా ఇంజనీర్ల పని. అందులో కూర్చున్న మనిషి ఎలా నేర్చుకోవాలి, ఏది ముందు, ఏది తర్వాత, గది ఎలా ఉండాలి అన్నది నా పని.

నేను అనంతపురంలో బి.ఎడ్. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా భార్య భారతి పోయాక మా అమ్మాయి రాధిక నన్ను బెంగళూరు రమ్మని, వర్తూరులో తన ఇంటికి రెండు వీధుల అవతల ఒక చిన్న ఇల్లు చూసిపెట్టింది. కూర గిన్నె చల్లారకుండా చేరేంత దగ్గర, ఎవరి నిద్ర వాళ్ళు పోయేంత దూరం. కంపెనీలో ఈ పనికి పెద్ద సునీత. వాళ్ళ అమ్మ ఎస్తేరు ఒకప్పుడు నా దగ్గర చదువుకుని టీచరైంది. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి సునీత అడిగింది: “మా అమ్మకి పాఠం చెప్పడం నేర్పించినవారు, మా జవాన్లకి నేర్పలేరా మాస్టారూ?” మధ్యాహ్నాలు గోడకేసి చూస్తూ కూర్చునే మనిషికి అంతకంటే దయగల మాట ఏముంటుంది? ఒప్పుకున్నాను.

యంత్రాన్ని వాడి చూడమని ఒక రవాణా దళం ఆరుగురు డ్రైవర్లను మా దగ్గరికి పంపింది. నెలాఖరున ఒక మేజరు వచ్చి పరీక్ష పెడతారు. వీళ్ళు నిజంగా నేర్చుకున్నారనిపిస్తే యంత్రం తీసుకుంటారు, లేకపోతే లేదు. అది కంపెనీ బాధ. ఆవులప్ప బాధ వేరు.

అతనిది పెనుకొండ దగ్గర పల్లె. కిందటి చలికాలం ఒక కొండదారిలో పైనుంచి రాళ్ళు పడితే బెదిరి బ్రేకు గట్టిగా తొక్కాడు. మంచు మీద బ్రేకు తొక్కితే చక్రాలు ఆగుతాయి గాని బండి ఆగదు. లారీ జారుకుంటూ వెళ్ళి, ముందు చక్రం ఒకటి గాల్లో వేలాడుతుండగా నిలిచింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాని అప్పటినుంచి ఏ చిన్న అలికిడైనా అతని కుడికాలు దానంతటదే బ్రేకు మీదికి పోతోంది. ఈ పరీక్షలో నెగ్గితే మళ్ళీ కొండదారి. నెగ్గకపోతే స్టోర్సులో కంబళ్ళు సర్దే పని.

“కంబళ్ళు సర్దేది తప్పేం కాదు సార్,” అన్నాడు కాఫీ ఊదుకుంటూ. “మా ఇంటిది వెంకటలక్ష్మి అదే మేలంటా ఉండాది. కాని నేను సైన్యంలో చేరిందే బండి కోసం. చిన్నప్పుడు ఎర్రబస్సులో డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కూచోని పోతా ఉంటే, ఆ మూత కాలి లేవలేక లేస్తా, మళ్ళా కూచుంటా... అప్పుడే అనుకుంటి, ఇదే నా పని అని.”

నేను చేరేనాటికి గది చూడ్డానికి గొప్పగా ఉండేది. తెర మీద దృశ్యాలు చేసేవాడు చైతు. మారతహళ్ళిలో పుట్టి పెరిగినవాడు, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. మంచు, పొగమంచు, చీకటి, గాలివాన, రాళ్ళు, అన్నీ మొదటి రోజే పెట్టాడు. వాటి మీద ఒక గద్ద. క్యాబిన్ వెనక అద్దాల గోడ అవతల మిగతా అయిదుగురు కూర్చుని చూసేవాళ్ళు. పక్కగోడ మీద పేర్లు, ఎవరికెన్ని మార్కులు.

“ముందు ఆ గద్దను తీసెయ్యి నాయనా,” అన్నాను.

“అంకుల్, దాని రెక్కలకి నేను రెండు వీకెండ్లు పెట్టినాను.”

“బాగుంది. అందుకే అందరూ దాన్నే చూస్తూ లోయలో పడుతున్నారు.”

“సునీతక్కా, మీరన్నా చెప్పండి.”

“గద్దకి ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది చైతూ,” అంది సునీత కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా. “రిలీవ్ చేసెయ్.”

గద్ద వెళ్ళిపోయింది. తర్వాత మార్కుల పట్టిక వెళ్ళింది. అద్దాల గోడకు మందపాటి కర్టెన్ వచ్చింది. నలుగురు చూస్తుండగా పడేవాడికి బండి సంగతి కంటే పరువు సంగతి ఎక్కువైపోతుంది. మొదట పొడిదారి, పట్టపగలు, ఒక్క మలుపు. అది కుదిరాక వాన. అది కుదిరాక మంచు. ఏ రోజు కష్టం ఆ రోజుకు ఒకటే. దిగాక ముందు నేను మాట్లాడను. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో అతనే చెప్పాలి. మిగతావాళ్ళు చెప్పీ చెప్పీ చివరికి వాళ్ళ తప్పు వాళ్ళే పట్టుకునేవాళ్ళు. ఆవులప్ప మాత్రం “పడితిని సార్” అని ఊరుకునేవాడు. చలికాలం నాటి సంగతి అయితే ఎత్తేవాడే కాదు.

రాళ్ళు ఎప్పుడు పడాలన్నది యంత్రానికి వదలకుండా నా చేతిలో పెట్టుకున్నాను. మనిషి కాస్త కుదుటపడ్డాకే పరీక్ష పెట్టాలని నా పట్టుదల. క్యాబిన్ వెనక ఇనుప బల్ల దగ్గర కూర్చుని, అతని భుజాలు సడలేదాకా చూసి, అప్పుడు మీట నొక్కేవాణ్ణి. పక్కన నా కాఫీ. కాగితపు కప్పులో నాకు తాగబుద్ధి కాదు, స్టీలు గ్లాసే కావాలి. ఒక్క గ్లాసు గంటసేపు తాగుతానని భారతి వెక్కిరించేది.

రెండో వారంలో ఆవులప్ప కాలు మారింది. రాళ్ళు పడ్డాయి, కాలు బ్రేకు మీదికి పోలేదు. యాక్సిలరేటర్ మీంచి మెల్లగా లేచింది, గేరు తగ్గింది, స్టీరింగు కొండవైపుకు ఒద్దికగా తిరిగింది, లారీ రాళ్ళ పక్కనుంచి దాటిపోయింది. మళ్ళీ చేశాడు. మర్నాడూ చేశాడు. ఆరుగురిలో అందరికంటే ముందుగా స్పందించేది అతనే అయింది. రాళ్ళు తెర మీదికి వస్తూండగానే కాలు లేస్తోంది. సునీత అందరికీ మైసూర్‌పాక్ తెప్పించింది. ఆవులప్ప వెంకటలక్ష్మికి ఫోన్ చేసి, “కంబళ్ళకి వేరే ఎవరినన్నా చూసుకోమని చెప్పు” అన్నాడు, ఆ కంబళ్ళేవో ఆమె చేతిలో ఉన్నట్టు.

ఆ మర్నాడు నేను పన్ను తీయించుకోవడానికి సెలవు పెట్టాను. రాధిక తీసుకెళ్ళింది. నోట్లో దూదితో ఇంటికి తిరిగొస్తుంటే చైతు ఫోన్.

“అంకుల్, అందరూ పడిపోయినారు.”

“ఎక్క...?” అన్నాను దూది అడ్డుపడుతూ.

“లోయలో అంకుల్, ఇంకెక్కడ. ఆవులప్పన్న అయితే వరసగా. బ్రేకు తొక్కేది, పడేది. నేను మీరు నొక్కే మీటే నొక్కినాను. సాఫ్ట్‌వేర్ అంతా చూసినాను, ఏం కాలేదు.”

ఇంకేదో అడగబోయాను. మాట్లాడొద్దన్నారని రాధిక ఫోన్ లాక్కుంది. ఒక్కోసారి నోరు మూయించడం కూడా ఉపకారమే. ఆ సాయంత్రమంతా ఆలోచించడానికి సమయం దొరికింది. ఆలోచించినా ఏమీ తట్టలేదు, అది వేరే సంగతి.

మర్నాడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దవడ మీద చల్లగాలి తగులుతుంటే నొప్పి కాస్త తగ్గింది. నేను బల్ల దగ్గర కూర్చోగానే ఆరుగురూ హాయిగా నడిపారు. ఒక్కడూ పడలేదు.

“మీ చేతిలో ఏమో ఉండాది అంకుల్,” అన్నాడు చైతు.

“నువ్వు ప్రేయర్ చేసుకోకుండా నొక్కి ఉంటావ్,” అంది సునీత.

మధ్యాహ్నం ఆవులప్ప మళ్ళీ ఎక్కాడు. పొద్దుటిలాగే కాఫీ గోరువెచ్చగా తెప్పించుకున్నాను. ఒక గుక్క తాగేసరికి పన్ను తీసిన చోట సూది గుచ్చినట్టయి, గ్లాసు బల్ల మీద పెట్టేశాను. స్టీలు ఇనుము మీద టంగుమంది. ముందు క్యాబిన్లో ఆవులప్ప భుజం కిందికి దిగింది. కాలు లేచింది. గేరు తగ్గింది.

నేను మీట నొక్కలేదు. దారి ఖాళీగా ఉంది. ఆకాశంలో గద్ద కూడా లేదు.

అతను మళ్ళీ వేగం అందుకునేదాకా ఆగాను. గ్లాసు ఎత్తి, మీట జోలికి పోకుండా, మళ్ళీ టంగుమని పెట్టాను. కాలు లేచింది. గేరు తగ్గింది. ఖాళీ దారిలో అంత పెద్ద లారీ పెళ్ళికూతురిలా నడిచింది.

నా కుడిచేతిలో గ్లాసు. మీట నొక్కేదీ ఆ చేత్తోనే. కాబట్టి రాళ్ళు వేసే ముందల్లా గ్లాసు కింద పెడుతున్నాను. ఇన్నాళ్ళుగా ఆరుగురికీ నేను నేర్పింది కొండను కాదు, నా కాఫీ గ్లాసును. చైతు కాఫీ తాగడు. అందుకే నిన్న అందరూ లోయలో పడ్డారు.

నాకు ముందు నవ్వొచ్చింది. వంటింట్లో ఉండి భారతి కూడా ఇలాగే గ్లాసు పెట్టిన చప్పుడును బట్టి ఇంకో సగం కావాలో వద్దో చెప్పేసేది. అడిగితే “నాకేం తెలుసు, తెలుస్తుందంతే” అనేది. దవడ పట్టుకుని కాసేపు ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది.

సునీతను పక్కకు పిలిచి చెప్పాను. ఆమె కుర్చీలో కూలబడింది.

“సోమవారమే కదా మాస్టారూ మేజర్ వచ్చేది.”

“అవును.”

“ఆ రోజు కూడా మీరే కూర్చుని కాఫీ తాగితే...” అని, నా ముఖం చూసి తనే ఆపేసింది. “సరే, ఊరికే అన్నాను. కొండమీద గ్లాసు ఎవరు పెడతారు.”

“ఎవరూ పెట్టరు.”

“ఆవులప్పకి చెప్తే మళ్ళీ బెదిరిపోతాడేమో. ఇప్పుడిప్పుడే మనిషయ్యాడు. చెప్పకుండా మెల్లగా మార్చేస్తే?”

నేనూ అదే తర్కించుకుంటున్నాను. చెబితే ధైర్యం పోవచ్చు. చెప్పకపోతే లేని ధైర్యంతో కొండెక్కుతాడు. రెండోదే ఎక్కువ భయపెట్టింది.

అతన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి, గ్లాసు ఎత్తి పెట్టి చూపించాను. కుర్చీలో కూర్చునే అతని కుడి మడమ లేచింది. దాన్ని అతనే చూసుకున్నాడు.

“నేను దొంగాట ఆడలేదు సార్. నా మీద ఒట్టు.”

“తెలుసప్పా. నీ చెవి నేర్చుకుంది, నీకు చెప్పలేదు.”

“ఇన్ని దినాలూ రాళ్ళు పడేది మనసుకు తోస్తా ఉండాదని అనుకుంటి,” అని మడమను నేలకేసి అదిమాడు. “అంటే నాకేం రాలేదు. నేర్చుకున్నదంతా కాఫీ.”

“ఎట్లా చెయ్యాలో నీకు వచ్చేసింది. కాలు, గేరు, స్టీరింగు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎప్పుడు అన్నది మాత్రం గ్లాసు చెప్తోంది. ఇక ఆ సంగతి దారి చెప్పాలి. నిజం కొండమీద ఏం చెప్తుంది? ఆ రోజు ఏం చెప్పింది?”

 అడిగి ఊరుకున్నాను. తరగతిలో ప్రశ్న అడిగాక ఓపిగ్గా ఆగగలగడం ఒక్కటే నేను ఇన్నేళ్ళలో నిజంగా నేర్చుకున్న విద్య. బయట ఎవరో లారీ వెనక్కి తీస్తున్న పీప్ పీప్ వినిపిస్తోంది.

“పెళ్ళిలో అక్షింతలు పడినట్ల పడె సార్,” అన్నాడు చివరికి. “ఇంజను మూత మీద. సన్న గులకలు. నేను వడగండ్లు అనుకుంటి. పక్కనుండే వాడు కూడా వాన వస్తాదిరా అనె. పైన దుమ్ము లేస్తా ఉంటే మబ్బనుకుంటిమి. ఆ మీదట పెద్దవి వచ్చె.” కొంచెం ఆగి అన్నాడు. “కొండ ముందే చెప్పింది సార్. మాకు అర్థం కాలా.”

ఇన్ని వారాల్లో అతను ఆ రోజు గురించి నోరు తెరవడం అదే మొదలు. చెప్పాక బరువు దించుకున్నవాడిలా ఒక నిట్టూర్పు విడిచి, “ఆ కాఫీ మీరు తాగుతారా, నేను తాగేదా?” అన్నాడు. తాగమన్నాను.

తక్కిన అయిదుగుర్నీ కూర్చోబెట్టి అడిగితే ఒకరు దుమ్ము, ఒకరు గులకలు, ఒకరు పక్కనుంచి చప్పుడు చేస్తూ జారే మట్టి అన్నారు. అవన్నీ తెరలోకి, స్పీకర్లలోకి ఎక్కించాలి. చైతు రెండు రోజులు ఇంటికి సరిగ్గా పోలేదు. రాళ్ళు ఎప్పుడు పడాలన్నది నా చేతిలోంచి తీసేసి యంత్రానికి అప్పగించాం. గులకలు రాలితే ప్రతిసారీ రాళ్ళు పడవు, కొన్నిసార్లు గులకలతోనే సరి. లేకపోతే ఈసారి ఇంకో గ్లాసు తయారవుతుంది. ఆ గదిలోకి స్టీలు గ్లాసు తేకూడదని సునీత ఆర్డరు వేసింది. నేను కాగితపు కప్పులో తాగాను. బాగుందని చెప్పను.

“అంకుల్,” అన్నాడు చైతు శుక్రవారం సాయంత్రం, చాలా అమాయకంగా. “కొండ మీద మట్టి జారితే అక్కడుండే పక్షి ఎగిరిపోదా?”

నేను సునీత వైపు చూశాను.

“రీపోస్టింగ్ ఇచ్చెయ్,” అందామె. “కానీ డ్యూటీ మీదే ఎగరాలి.”

గద్ద తిరిగొచ్చింది. ఆ రెండు రోజులు ఆవులప్ప చాలాసార్లు పడ్డాడు. గ్లాసు లేకపోయేసరికి మొదట్లో కాలు మళ్ళీ బ్రేకు వెతుక్కుంది. కాని ఇప్పుడు దిగాక “పడితిని సార్” అని ఊరుకోవడం లేదు. “దుమ్ము చూస్తిని, మబ్బనుకుంటిని, మళ్ళా అదే తప్పు” అని తనే చెప్పి, తనే తిట్టుకుని, తనే మళ్ళీ ఎక్కేవాడు. శనివారం సాయంత్రం చివరిసారి పడలేదు. అది వచ్చినట్టో, అదృష్టమో, సోమవారందాకా తెలిసే దారి లేదు.

సోమవారం మేజర్ జరీనా వచ్చారు. కర్ణాటకలో తెలుగు మాట్లాడే చింతామణి వైపు మనిషి. మా మాటలు విని తెలుగులోనే మాట్లాడారు. నా ఇనుప బల్ల దగ్గరే కుర్చీ వేయించుకున్నారు. నేనూ సునీతా వెనక నిలబడ్డాం. అయిదుగురు పూర్తిచేశారు. వాళ్ళలో ఒకడు మాత్రం పడ్డాడు, దిగి ఎందుకు పడ్డాడో తనే వివరంగా చెప్పాడు. ఆమె తల ఊపారు.

చివర ఆవులప్ప. ఎక్కుతూ నావైపు చూశాడు. మంచుదారి, సన్నని పొగమంచు. లారీ మొదటి మలుపు తిరుగుతుండగా క్యాంటీన్ మనిషి తలుపు తోసుకుని వచ్చాడు. అంత పెద్ద ఆఫీసరుకు కాగితపు కప్పులో ఎలా ఇస్తామనుకున్నాడో ఏమో, తళతళ తోమిన నా స్టీలు గ్లాసులోనే కాఫీ పోసుకొచ్చి ఇచ్చాడు. సునీత చెయ్యి నా మోచేతిని పట్టుకుంది.

మేజర్ ఒక గుక్క తాగారు. తెర చూస్తూనే గ్లాసు బల్ల మీద పెట్టారు. టంగుమంది.

సునీత ఉలిక్కిపడింది. నేనూ ఉలిక్కిపడ్డాను. నా కుడిచెయ్యి దానంతటదే మీట కోసం ముందుకు పోయింది.

ఆవులప్ప కదల్లేదు. లారీ అదే వేగంతో, అదే గేరులో సాగిపోతోంది.

ఆమె మళ్ళీ తాగారు, మళ్ళీ పెట్టారు. అతను తన దారిన పోతున్నాడు. అప్పుడు గులకలు రాలాయి, వడ్లు చెరిగినంత చప్పుడు. కాలు లేచింది, గేరు తగ్గింది, బండి కొండవైపు ఒదిగింది. రాళ్ళు పడలేదు. అవి ఉత్త గులకలే.

“ఏమప్పా, ఊరికే ఎందుకు తగ్గించినావు?” అని మైకులో అడిగారు మేజర్.

“గులకలు పడినాయి మేడం. రాళ్ళు పడకపోతే మంచిదే కదా.”

ఆమె కుర్చీలో ముందుకు జరిగారు. రెండు మలుపుల తర్వాత కుడివైపు వాలు మీంచి గద్ద లేచింది. దాని కింద పలచగా దుమ్ము. అతని కాలు అప్పటికే లేచిపోయింది. రాళ్ళు దొర్లుకుంటూ దారికి అడ్డం పడేసరికి లారీ నడిచే మనిషి వేగానికి తగ్గి, వాటికి బారెడు దూరంలో ఒద్దికగా ఆగింది. గద్ద ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోయింది. కర్టెన్ వెనకనుంచి చైతు పళ్ళు కనిపించాయి.

మేజర్ మావైపు తిరిగారు. “బాగుండాది. కాని నేను కాఫీ తాగుతా ఉంటే మీరిద్దరూ ఎందుకట్ల ఎగిరిపడతారు?”

దాచడానికి ఏముంది? సునీత మొదటినుంచీ చెప్పింది. మేజర్ నవ్వి నవ్వి టోపీ తీసి పక్కన పెట్టుకున్నారు.

“డ్రైవరు నేర్చుకున్నాడు. బండి ఇచ్చేస్తా,” అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. “మరిచిపోవాల్సింది మీరిద్దరే. యంత్రం సంగతి రాసి పంపుతాను. దాంతో ఈ సారునూ ఇస్తారా?”

“ఆయన మా మాస్టారు మేడం, ఇవ్వం,” అంది సునీత. ఆ మాట నేను సాయంత్రం బస్సులో కూడా రెండుసార్లు గుర్తు చేసుకున్నాను.

ఆవులప్ప అప్పటికే గుమ్మం దగ్గర ఫోన్లో ఉన్నాడు. స్పీకర్లో వెంకటలక్ష్మి గొంతు గదంతా వినిపిస్తోంది.

“అయితే మళ్ళా కొండమీదికేనా?”

“కొండమీదికే. కాని ఇప్పుడు నాకు కొండ భాష వస్తాది.”

“ఆ భాష వచ్చినోడివి, ఇంట్లో నేను చెప్పేది ఒక్కటన్నా అర్థం చేసుకో. చలికోట్లు రెండూ ఎత్తుకోని పో.”

“అట్లనే.” ఫోన్ పెట్టేసి లోపలికి వచ్చాడు. క్యాంటీన్ మనిషి ఇచ్చిన స్టీలు గ్లాసు కాఫీ నిలబడే తాగాడు. తాగి, ఇనుప బల్ల మీద కావాలనే గట్టిగా పెట్టాడు.

మేమంతా ఒక్కసారిగా తెర వైపు తిరిగాం.

“ఊరికే సార్,” అన్నాడు ఆవులప్ప.